ఎవరికీ సరిపోని పడక

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ ఊళ్లో కుక్క కూడా మొరగదు. తలుపులు దగ్గరగా వేసుకుని, కిటికీలకి తడిగుడ్డలు కట్టుకుని, ఊరు ఊరంతా ఒళ్లు మరిచి పడుకుంటుంది. ఎండ గోడ దిగాక లేచి టీ పెట్టుకుంటారు. రాహెలె ఇంట్లోనూ అంతే. ముందు ఆమె అత్తగారు బీబీ షౌకత్ లేస్తుంది, దగ్గుతుంది, టీ కాచే సమోవార్‌లో నీళ్లు పొయ్యమని కేకేస్తుంది. తర్వాత రాహెలె లేచి, ఎనిమిదేళ్ల కూతురు యల్దా మొహం మీద పడిన జుట్టు సర్ది, పెరటి తలుపు తీసి, అక్కడ ఎవరో పడుకుని లేచిన చోటు చూసి వస్తుంది.

"ఇవాళా వచ్చిందా?" అంటుంది బీబీ.

"వచ్చింది బీబీ."

"సరే, టీ పెట్టు."

అసలు ఆ పెరట్లో గడ్డి ఉండాలన్నది రాహెలె మొగుడు బహ్‌మన్ ముచ్చట. అతను ఎక్కడో దూరాన బొగ్గుగనిలో పనిచేస్తాడు, నెలకోసారి ఇంటికొస్తాడు. వచ్చే దారిలో నగరం పార్కుల్లో నున్నగా దువ్వినట్టుండే గడ్డి చూసి మనసు పారేసుకున్నాడు. ఒకసారి విత్తనం తెచ్చి పెరడంతా చల్లాడు. కొండ కాలవ నీళ్లు వంతులవారీగా వచ్చే ఊరది. దానిమ్మలకే గొంతు తడవదు, ఇంక గడ్డికెక్కడ? మొలవడమైతే మొలిచింది గానీ వేసవి మొహం చూడకుండానే పోయింది.

బీబీకి నోరు ఊరుకోదు. "నీ గడ్డి ఇల్లరికపు అల్లుడిలా ఉందిరా. తాగడమే గానీ మేకకి పనికిరాదు, తేనెటీగకి పనికిరాదు" అని కొడుకుని ఉతికి ఆరేసింది. తనే వెళ్లి మేకల రజబ్ దగ్గర క్లోవర్ విత్తనం తెచ్చింది. ఒక్కో కాడకి మూడేసి ఆకులు, బొత్తాల్లాంటి తెల్లపూలు, ఆ పక్క కొండపొలాల్లో మేకల కోసం వేసే రకం. పిడికెడు విత్తనంలో ఇసక కలిపి, కోళ్లకి గింజలు వేసినట్టు చల్లేసింది. అడిగినప్పుడు చెంబెడు నీళ్లు పోస్తే చాలు, క్లోవర్ గోడ నుంచి గోడ దాకా పాకి కూర్చుంది. చెప్పులేసుకుని దాని మీద నడవడానికి యల్దా ఒప్పుకునేది కాదు.

పడక మొదటిసారి కనబడింది వసంతంలో నౌరోజ్ పండగ వెళ్లిన కొన్నాళ్లకి. రేగుచెట్టు నీడలో ఆకులన్నీ ఒరిగి, పూలు నేలకి అంటుకుని, మనిషి పక్కకి తిరిగి పడుకుని అప్పుడే లేచి వెళ్లినట్టుంది. తల చోటు, భుజం చోటు, నడుం, ముడుచుకున్న మోకాళ్లు అన్నీ తెలుస్తున్నాయి. చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది. పక్కనే ఒక అరచేతి గుర్తు, ఎవరో చెయ్యి ఆనించి లేచినట్టు. వచ్చిన అడుగులు లేవు, వెళ్లిన అడుగులూ లేవు. సాయంత్రానికి ఆకులు లేచి నిలబడేవి. మర్నాడు మధ్యాహ్నం నిద్ర అయ్యేసరికి మళ్లీ పడక సిద్ధం.

ఊళ్లోవాళ్లు దాన్ని పెద్ద వింతగా ఏమీ చూడలేదు. ఒకళ్ల నూతిలో నీళ్లు ఉప్పగా ఉంటాయి, ఒకళ్ల పెరట్లో పడక పడుతుంది, అంతే. కాకపోతే అది ఎవరిదో తెలుసుకోవాలని మాత్రం అందరికీ ఉబలాటం. రొట్టెలు కాల్చే హబీబ్ వచ్చి పడుకుని చూశాడు. బడి పంతులమ్మ వచ్చింది. పొడుగు సరిపోతే వెడల్పు సరిపోదు, మోకాళ్లు కుదిరితే భుజం కుదరదు. ఎంత లావు మనిషికైనా ముందువైపు ఇంకా బోలెడంత మిగిలిపోతోంది.

"నిండు చూలాలు పడుకున్నట్టుంది" అని తేల్చింది పక్కింటి అస్మత్. "రాహెలె, నీ సంగతేమైనా మాకు చెప్పకుండా దాస్తున్నావా?"

"నా మొగుడు నెలకోసారి వస్తాడు, వచ్చి గడ్డి గురించి మాట్లాడతాడు" అంది రాహెలె. ఆడవాళ్లంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు.

బీబీ కూడా ఒకరోజు మోకాళ్లు పట్టుకుని మూలుగుతూ అందులో పడుకుంది. "వెనకంతా కొలిచి కుట్టినట్టుంది. ముందువైపే ఖాళీ" అంది. ఆ ఖాళీ మీద చెయ్యి చాపి, మిగతావాళ్లకంటే ఎక్కువసేపే ఉండిపోయింది. లేచేటప్పుడు కళ్లు తుడుచుకుంది. తేనెటీగ కుట్టిందా అని అస్మత్ అడిగితే, అవునంది.

రాహెలె మాత్రం ఒక్కసారీ పడుకోలేదు. ఎందుకో కాళ్లు రాలేదు. ఒకరోజు చెట్టు కింద రాలిన ఆకులు ఏరుతుంటే, పడక లోపలివైపు, మోకాళ్లకి కాస్త దిగువన, చిన్న గుంట ఒకటి కనబడింది. మడమ గుర్తు. అంత చిన్న మడమ ఏ పెద్దవాళ్లకీ ఉండదు. గుమ్మం దగ్గరున్న యల్దా చెప్పు తెచ్చి దాని మీద పెట్టింది. చెప్పు వెనకభాగం ఆ గుంటలో అమిరిపోయింది.

"బీబీ, ఇలా రండి. ఇది మన యల్దా మడమ."

బీబీ కళ్లజోడు సర్దుకుని వంగి చూసింది. "అయితే?"

"అయితే ఏమిటి బీబీ? కుడిపక్కకి తిరిగి, మొహం ఖిబ్లా దిక్కుకి. ఎవర్ని అలా పడుకోబెడతారో మీకు తెలీదా?"

గోరీలో మనిషిని అలాగే, మొహం మక్కా వైపు ఉండేలా పెడతారని ఆ ఊళ్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. రాహెలెకి అసలే చెప్పక్కర్లేదు. యల్దాకి ముందు ఆమెకి ఒక కొడుకు పుట్టాడు, పాకడం రాకముందే జ్వరమొచ్చి పోయాడు. గోరీ దగ్గరికి రానివ్వకపోతే గోడవారన నిలబడి చూసింది. ఆ చిన్న మూటని కుడిపక్కకి తిప్పి, మొహం ఖిబ్లాకి సర్దారు.

"బుద్ధిమంతులు నిద్రపోయేదీ అలాగే" అంది బీబీ. "మీ మామగారు బతికున్నన్నాళ్లూ అలాగే పడుకున్నాడు. గురక మాత్రం నాలుగు దిక్కులకీ వినపడేది."

"నవ్వులాటగా ఉందా మీకు? పడక దాని కంటే పెద్దదనేగా ఇన్నాళ్లూ మనకి తట్టలేదు. గొయ్యి ఎప్పుడూ మనిషి కంటే పెద్దదే తవ్వుతారు."

"గోరీలో పడుకున్నవాడు చెయ్యి ఆనించి లేస్తాడటే? అదిగో, లేచిన చెయ్యి."

"ఆ చెయ్యి పడుకున్నవాళ్లదో, తీసుకెళ్లడానికి వచ్చినవాడిదో ఎవరు చెప్పొచ్చారు?"

బీబీ ఆ చెప్పు తీసుకెళ్లి గుమ్మం దగ్గర పెట్టేసింది.

ఆనాటి నుంచి రాహెలె బతుకు బతుకు కాదు. యల్దాని పెరట్లోకి అడుగు పెట్టనివ్వలేదు. మధ్యాహ్నాలు దాని మణికట్టు పట్టుకుని, కళ్లు మూసుకోకుండా పక్కనే కూర్చునేది. ఇక్కడ దాని ఊపిరి తగులుతూనే ఉన్నా, తలుపు తీస్తే అక్కడ పడక వెచ్చగానే ఉండేది. రజబ్‌ని మేకల్ని తోలుకొచ్చి మేపమంది. అవి పెరడంతా గీకి పెట్టాయి గానీ రేగుచెట్టు దగ్గరికి వచ్చేసరికి గిట్టలు బిగబట్టి నిలబడిపోయాయి. పట్టు వదలకుండా లాగబోతే పోతుమేక రజబ్‌నే కుమ్మబోయింది. అతను నెత్తి గోక్కుంటూ మందని తోలుకుపోయాడు.

చివరికి బహ్‌మన్‌కి ఫోన్ చేసి ఏడ్చింది.

"నేను ముందే చెప్పానా లేదా?" అన్నాడు బహ్‌మన్. అతనికి దిగులుకంటే ఉత్సాహమే ఎక్కువున్నట్టుంది. "మొత్తం తవ్వి పారేద్దాం. ఇప్పుడు నగరంలో గడ్డిని తివాచీలా చుట్టి అమ్ముతున్నారు. శుక్రవారం సాయంత్రానికి తెస్తాను. పరిచేస్తే అయిపోయింది."

శుక్రవారం వచ్చింది. బీబీ పుల్లటి ఎర్ర జరిష్క్ పళ్లేసి అన్నం వండింది. గిన్నె అడుగున పట్టిన కరకరలాడే పెచ్చు కోసం యల్దా చెయ్యి చాపింది, బీబీ ఎప్పట్లాగే సగం ఇచ్చి సగం తను లాక్కుంది. గిన్నెలు తోముతూ తోముతూ రాహెలె చెయ్యి ఆగిపోయింది. పడక పీకేస్తే ఏమవుతుంది? పడుకోవలసిన మనిషి ఇంకెక్కడో పడుకుంటుంది, తన కళ్లకి కనబడని చోట. ఇక్కడైతే కనీసం చోటు తెలుసు. ఆ చోటు మనిషిని అడుగుతోంది. ఇచ్చేస్తే సరి. ఏ మనిషో తానే ఎంచుకోవచ్చు.

చేతులు తుడుచుకుని, తలగడ తీసుకుని అత్తగారి గదిలోకి వెళ్లింది. "బీబీ, ఇవాళ యల్దాని మీ దగ్గర పడుకోబెట్టుకోండి. ఏం జరిగినా బయటికి పంపకండి."

"నువ్వెక్కడికి?"

"చెట్టు కిందకి. లోపల ఉక్కగా ఉంది."

బీబీ తలగడని చూసింది, కోడలి మొహాన్ని చూసింది. "ఇదేం పనే తల్లీ."

"ఒట్టెయ్యండి."

"నా తల మీద ఒట్టు. పంపను" అంది బీబీ.

బయట ఎండ తెల్లగా కాస్తోంది. మేకలు ముట్టని ఆ కాస్త మేర క్లోవర్ మోకాలి దిగువ దాకా లేచి ఉంది, తేనెటీగలు పూల మీద ముసురుకుని ఉన్నాయి. రాహెలెకి భయం వేసింది. ఎవరికి వెయ్యదు? అయినా కుడిపక్కకి తిరిగి, మొహం ఖిబ్లాకి పెట్టి, మోకాళ్లు ముడుచుకుని పడుకుంది. భుజం కింద నేల భుజానికి సరిపడా దిగింది. నడుం కింద నడుముకి సరిపడా దిగింది. తన పాత పక్కలోకి తాను చేరినట్టే ఉంది. ముందువైపు మాత్రం చల్లగా, పొట్టకి నీళ్లు తగులుతున్నట్టుంది. ఇంక రావలసింది రానీ అని కళ్లు మూసుకుంది. ఇంటివైపు కిటికీకి కట్టిన తడిగుడ్డ పక్కకి తొలగిన చప్పుడు వినబడింది. చూడలేదు.

ఎంతసేపైందో, చిన్న చిన్న అడుగులు ఆకుల్ని తొక్కుకుంటూ వచ్చాయి. ఎదురుగా యల్దా, చెప్పుల్లేకుండా.

రాహెలె తలెత్తింది. "ఎవరు రమ్మన్నారే నిన్ను? లోపలికి పో."

"బీబీ పంపింది."

"పంపనని ఒట్టేసింది కదా."

"మీ అమ్మ ముందు చోటు ఖాళీగా ఉంది, వెళ్లి నింపు అంది. కిటికీలోంచి చూసి చెప్పింది. బహ్‌మన్ చిన్నప్పుడు వాణ్ణి ముందేసుకుని నేనూ ఇలాగే పడుకునేదాన్ని, నా నడుం ఇప్పటికీ మర్చిపోలేదు అంది. నేను రానంటే తొడపాశం పెట్టింది."

రాహెలెకి ఒళ్లు మండిపోయింది. ఇంత వయసొచ్చి మాట మీద నిలబడని మనిషి. పిల్లని ఎత్తుకుని వెళ్లి ఆవిడ మంచం మీద పడేసి, నాలుగు మాటలు అని రావాలనుకుంది. ఈలోపు యల్దా రానే వచ్చింది, వీపు తల్లి పొట్టకి ఆనించి, తల ఆమె మోచేతి మీద పెట్టి, మడమ ఆకుల్లోకి తోసి సర్దుకుంది. చల్లదనం పోయింది. ముందు ఎక్కడా ఖాళీ లేదు. ఇన్నాళ్లూ ఊళ్లో ఎవరికీ సరిపోని పడక అంచు నుంచి అంచు దాకా నిండిపోయింది. రాహెలె కోపంతోనే కూతుర్ని గట్టిగా పట్టుకుంది.

తేనెటీగలన్నీ ఒక్కసారిగా లేచి గోడ దాటి వెళ్లిపోయాయి. పెరడు మాటుమణిగింది. తర్వాత కింద ఎక్కడో చాలా లోతున బరువైనదేదో దొర్లినట్టైంది, నేల వాళ్లని రెండుసార్లు ఎత్తి కుదేసింది. రేగుచెట్టు మీద నుంచి ఆకులు జలజలా రాలాయి. ఇల్లు ఉన్న వైపు నుంచి దుమ్ము పొగలా వచ్చి మీద పడింది. రాహెలె పిల్ల మొహాన్ని తన గుండెకి అదుముకుని అలాగే ఉండిపోయింది.

దుమ్ము కాస్త పలచబడ్డాక, లేవడానికి చెయ్యి కింద ఆనించింది. ఆ చెయ్యి పడాల్సిన చోటే పడింది. రాహెలె తన అరచేతిని చూసుకుంది, తర్వాత తలెత్తి ఇంటివైపు చూసింది. అటు ఇల్లు లేదు. కిటికీ ఉండాల్సిన చోట ఆకాశం ఉంది.

"బీబీ" అని పిలిచింది. యల్దా కూడా పిలిచింది. గోడ అవతల నుంచి అస్మత్ ఎవరినో పిలుస్తోంది, ఆ అవతల ఇంకెవరో ఇంకెవరినో పిలుస్తున్నారు.

బహ్‌మన్ రాత్రికి గానీ చేరలేకపోయాడు. అతనితో వచ్చిన లారీ డ్రైవరు గడ్డి చుట్టల్ని కూలిన ప్రహరీకి ఆనించి పోయాడు. మర్నాడు బీబీని కుడిపక్కకి తిప్పి, మొహం ఖిబ్లాకి సర్దారు. ఈసారి రాహెలెని ఎవరూ ఆపలేదు. తల మీద ఒట్టేసి తప్పింది ముసల్ది, ఒట్టు తీర్చుకునే వెళ్లింది, అని అక్కడే కూర్చుని అందరి ముందూ ఏడ్చింది. చివరగా ఆవిడ మీద తనకి కలిగింది కోపమేనని గుర్తొచ్చి ఇంకా ఏడ్చింది.

ఆ వేసవంతా వాళ్లు పెరట్లోనే డేరా వేసుకుని ఉన్నారు. గడ్డి చుట్టలు గోడవారనే పసుపుబారి ఎండిపోయాయి. పరుద్దామా అని బహ్‌మన్ ఒక్కసారే అడిగాడు, మళ్లీ ఎత్తలేదు. మధ్యాహ్నం అన్నాలయ్యాక తల్లీ కూతుళ్లు రేగుచెట్టు కింద, అదే చోట, ఒకరి ముందు ఒకరు పడుకునేవాళ్లు. ఎండ దిగాక లేచి, రాహెలె ప్రతిరోజూ వెనక్కి తిరిగి చూసేది. వాళ్లు అంతసేపు పడుకుని లేచినా క్లోవర్ నిటారుగా నిలబడి ఉండేది. చెయ్యి పెడితే చల్లగా తగిలేది, ఒక్క ఆకైనా వంగి ఉండేది కాదు.

"రాలేదు" అనేది, ఎవరూ అడక్కపోయినా. తర్వాత వెళ్లి టీ పెట్టేది.