ఆడోళ్ల అంగీ

బళ్లారిలో కుట్టిన జీన్స్‌ను వాషింగ్ యూనిట్‌లో రసాయనాలు కలిపిన మందు నీళ్లలో తిప్పి, కొత్తదాన్ని పాతదానిలా వెలిసేట్టు చేస్తారు. మా పక్కింటి అంబిక ఆ పనికే పోయేది. ఎండాకాలంలో ఆమెకు దగ్గు పట్టుకుంది. చేతుల మీద చర్మం లేచిపోయింది. పని మానేసి, బ్రూస్‌పేటలో మా ఇంటి అరుగు మీద నాతో కలిసి చిన్న అంగడి పెట్టింది. నేను కుట్టేదాన్ని, ఆమె అమ్మేది. మందు తగలని పలచని జీన్స్ బట్టతో ప్యాంట్లు, ముదురు నీలం.

ఆమె అత్త సిద్దక్క ఒకటే మాట చెప్పింది. "దసరా దాకా చూస్తా. అంతలోపల నడవకుంటే మళ్లీ యూనిట్‌కే పోవాల."

అంబిక ఒక అట్ట మీద రాసి వేలాడదీసింది: మందులు లేని బట్ట, నీళ్లు చెడవు. చదివినవాళ్లంతా మంచి పని చేస్తున్నారని మెచ్చుకున్నారు గాని కొనలేదు. ఒక కాలేజీ పిల్ల మాత్రం ప్యాంటును తిప్పి తిప్పి చూసింది.

"ఆంటీ, మోకాలికాడ చినిగింది లేదా?"

"కొత్తది కదమ్మా, ఎట్ల చినుగుతాది?" అన్నాను.

"చినగకుంటే ఏం బాగుంటాది ఆంటీ!" అని వెళ్లిపోయింది.

శ్రావణంలో సిరిగేరి నుంచి ఉరుకుందమ్మ వచ్చింది. వరి నాట్లు వేసే ఆడవాళ్ల గుంపుకు ఆమె పెద్ద. మా వైపు పొలానికి పోయే ఆడవాళ్లు చీర మీద మొగుడి పాత అంగీ తొడుక్కుంటారు, ఎండ తగలకుండా, వరి ఆకు చేతుల్ని కోయకుండా. ఆమెది భుజం దగ్గర చిరిగింది.

"ఇది ఇంక కుట్టుకు నిలవదు ఉరుకుందక్కా" అన్నాను.

"మా ఆయనకు ఉండేదే రెండు. ఇంకోటి గుంజుకుంటే ఆయప్ప ఒట్టి ఒంటితో తిరగాల."

అంబిక ఆ అంగీని చూసింది, అమ్ముడుపోని బట్టను చూసింది. "అక్కా, ఆడోళ్లకనే అంగీ కుడితే ఏసుకుంటావా?"

"మాకా? మాకు వేరేగా ఎవరు కుడతారే?"

ఆ వారమే కుట్టాం. చూడ్డానికి బాగుండాలని అంబిక నడుము దగ్గర బిగింపు పెట్టించింది. ఉరుకుందమ్మ తొడుక్కుని, అంగడి ముందే నాటు వేస్తున్నట్టు వంగింది. గుండీ ఊడి రోడ్డు మీద పడింది.

"ఇది పెండ్లికి పోయేదానికమ్మా, మడిలోకి కాదు!"

నడుము వదులు చేశాం. వంగితే పైకి లేవకుండా వెనక పొడుగు పెంచాం. ఎదమీద ఫోనుకు మూత జేబు, పక్కన ఆకువక్కకు ఇంకో జేబు పెట్టాం. తీసుకుపోయిన కొన్నాళ్లకు ఆమె మళ్లీ వచ్చింది. చెమటకు రంగు దిగి మెడంతా నీలమైంది.

"శివుడొచ్చినాడని మా ఆయన దండం పెట్టినాడు చూడు!"

అంబిక మొహం వాడిపోయింది. "తిరిగి తీసుకుంటాలే అక్కా."

"యాడ ఇస్తానే? చేతి మీద ఒక్క గీత పడలేదు. రంగు సంగతి చూడు, మా గుంపుకంతా కావాల."

అప్పటినుంచి అంబిక ప్రతి అంగీని ఉప్పు నీళ్లలో నానబెట్టి, రంగు దిగడం ఆగేదాకా ఉతికి గాని ఇవ్వలేదు.

ఆ గుంపు ఒకనాడు పండగ బట్టలకని ఆటోలో బ్రూస్‌పేటకు వచ్చింది. అందరూ నీలం అంగీల్లోనే దిగారు. గాంధీనగర్‌లో ఉండే, బ్యాంకులో పనిచేసే కెరోలిన్ స్కూటీ ఆపి, అడిగి అడిగి మా అరుగు దాకా వచ్చింది.

"నాకూ ఆ రెండు జేబులది కావాల. బండి మీద ఎండకు చేతులు మాడిపోతాండాయి."

"వెలిసినట్టు ఉండదు మేడమ్, పర్వాలేదా?"

"అదేముంది, మన ఎండ వెలిసేట్టు చేస్తాదిలే. ఇంతకీ మీరెందుకు వెలిసేట్టు చేయరు?"

అంబిక మందు నీళ్ల గురించి చెప్పింది. దగ్గు గురించీ చెప్పింది. కెరోలిన్ గుండీలు పెట్టుకుంటూనే అంతా విన్నది. అంగీ విప్పకుండా అట్లే బండెక్కింది. మరునాడు బ్యాంకు నుంచి ఇద్దరు అట్లాంటి అంగీలే కావాలని వచ్చారు.

దసరా ముందు ఒకనాడు సిద్దక్క మా అరుగు మీద ఉండగానే యూనిట్ మేస్త్రీ ఆమెకు ఫోన్ చేశాడు. పండగయ్యాక పని ఎక్కువ ఉందట, కోడల్ని పంపమన్నాడు. అంబిక కత్తెర కింద పెట్టేసింది. సిద్దక్క అరుగు మీద కత్తిరించి పెట్టిన బట్ట వైపు చూసింది.

"రాదప్పా. ఈడ చేతినిండా పని ఉండాది" అని ఫోన్ పెట్టేసి, నా పక్కకు జరిగి కూర్చుంది.

"ఊరకే కూర్చోబెట్టినారేమే నన్ను? ఆ గుండీల డబ్బా ఇట్లియ్యి."