ఖాళీగా వదిలిన రెండు గళ్ళు

పొద్దున్నే అద్దాల కొట్టు షట్టరు ఎత్తేది అన్న, లోపల ఊడ్చేది చెల్లెలు. అద్దాల కొట్టు ఊడవడమంటే ఇల్లు ఊడవడం కాదు. ముందు తడిగుడ్డ పరిచి నొక్కాలి, తరవాతే చీపురు. లేకపోతే కంటికి ఆనని పెంకులు కాళ్ళలో దిగి, సాయంత్రానికి గానీ తమ సంగతి చెప్పవు. ఆమె ఊడ్చేలోపు అన్న గల్లాపెట్టె వెనక కూర్చుని పేపరు విప్పుతాడు. వార్తలు చదవడు. అవన్నీ రేపు అద్దాల మధ్య పెట్టి కట్టడానికి పుట్టిన కాగితాలని ఆయన ఉద్దేశం. నేరుగా ఆఖరి పేజీకి వెళ్ళి, గళ్ళనుడికట్టు ముందు పెన్ను మూత తీస్తాడు.

ఆ ఊళ్ళో గళ్ళనుడికట్టు పెన్నుతో నింపితే, నింపిన మాట నింపినవాళ్ళ నోట్లోంచి వెళ్ళిపోతుంది. మర్నాడు పేపర్లో జవాబులొస్తాయి. వాటితో సరిచూసుకుని ఎవరి టిక్కు వాళ్ళు పెట్టుకుంటే తిరిగొస్తుంది. వాన పడితే గొడుగు తీసినట్టు, దీనికీ ఎవరి జాగ్రత్త వాళ్ళు పడతారు. 'చిల్లర' వచ్చిన రోజు బస్సు కండక్టర్లు ఆ గళ్ళ జోలికి పోరు. పెన్సిలుతో రాస్తే మాట పోదు, కాస్త నత్తి వస్తుంది, అంతే. పైగా ఏ ఆధారానికి నింపితే ఆ అర్థమే పోతుంది. పాలుపోసే ఆయనొకడు 'వాటా' అన్న ఆధారానికి 'పాలు' అని నింపేశాడు. ఆ రోజంతా వీధిలో పాలు పాలు అని అరుస్తూనే ఉన్నాడు గానీ, ఇంటి పంపకం దగ్గర నా పాలేదిరా అని అన్నదమ్ముల్ని అడగలేకపోయాడు. 'వాటా' అనొచ్చుగా అని తోచేసరికి పంపకం అయిపోయింది.

అన్న మాత్రం వెనకా ముందూ చూడకుండా నింపేవాడు. 'దయ' నింపాడు. 'పొరపాటు' నింపాడు. ఒకసారి 'కృతజ్ఞత' నింపి టిక్కు పెట్టుకోవడం మర్చిపోయాడు. ఇప్పటికీ ఇంట్లో ఎవరికీ తేడా తెలియలేదు.

కొట్టు కింద, ఇల్లు పైన. పైనుంచి వదిన గొంతు మెట్లు దిగి వస్తుంటుంది, మనిషి దిగదు. వదిన తల్లి వేరే ఊళ్ళో స్నానాలగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుని మంచం పట్టింది. చూసుకోవడానికి ఒక మనిషి కావాలి. ఇంట్లో ఖాళీగా ఉన్న మనిషి ఎవరని వెతికితే, పొద్దున్నించీ రాత్రిదాకా పనిచేసే చెల్లెలే తేలింది. పెళ్ళి చేసుకోలేదు కాబట్టి ఖాళీ. ఆమె కోతబల్ల దగ్గరికి వదిన తమ్ముడు వస్తాడు. వస్తాడేమిటి, అప్పుడే వచ్చి ఆమె స్టూలు మీద కూర్చుని కాళ్ళూపుతున్నాడు.

"మరదలు పిల్లా, ఈ కట్టర్ పట్టుకోవడం ఎలాగో చూపించి మరీ వెళ్ళు. వెళ్ళేముందు పుణ్యం చేసుకో" అన్నాడు ఆ బావమరిది.

"దాన్నడిగేదేమిట్రా, గాజు మీద గీత గీయడం చంటిపిల్లాడి పని" అన్నాడు అన్న. "చెప్పాను కదే, మధ్యాహ్నం ఫోనులో మాట్లాడాలి. అత్తగారికి నీ నోటితోనే వినాలని ఉందట. బట్టలు సర్దావా?"

చెల్లెలు తడిగుడ్డ పిండుతూ "సరే" అంది.

అడిగినదానికి అది జవాబు కాదు. కానీ ఆమె నోట్లోంచి ఏమడిగినా అదే వస్తుందని అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. బట్టలు సర్దలేదు. నిజానికి ఆమెకి తనదంటూ ఉన్నది ఒక్కటే: కట్టర్ కిరసనాయిల్లో ముంచి, ఊపిరి బిగబట్టి, ఆపకుండా ఒకే గీత గీసి, కిందనుంచి వేలితో ఒక్క తట్టు తడితే, గాజు తనంతట తను విడిపోయే ఆ చప్పుడు. ఆ చప్పుడు మంచం పక్కన ఉండదు.

ఆ రోజు గళ్ళనుడికట్టు ఎప్పటిలా లేదు. గళ్ళన్నీ రెండేసి. అడ్డంగా రెండు, నిలువుగా రెండు, పేజీ నిండా పగిలిన అద్దం ముక్కల్లా పరుచుకుని ఉన్నాయి. పైన చిన్న అక్షరాల్లో 'అన్నిటికీ ఒకటే మాట' అని ఉంది. అన్న పెన్ను నమిలాడు, చెవి గోక్కున్నాడు, బల్ల మీద గుద్దాడు.

"ఈ గళ్ళు కూర్చినవాణ్ణి పుట్టగానే ఎవరో కింద పడేసి ఉంటారు. ఒకటే మాటకి ఇన్ని ఆధారాలేమిటి వీడి మొహం!" అని పేపరు ఉండచుట్టి చెల్లెలి బల్ల మీదకి విసిరాడు. "బల్ల తుడుచుకో దాంతో."

ఆమె తుడవడానికే విప్పింది. చెయ్యి మధ్యలో ఆగిపోయింది.

'అడ్డం: పెద్దవాళ్ళు ఏమన్నారో వినపడకపోయినా అనేది.'

చెవి వెనక ఉన్న గాజు గుర్తుల పెన్సిలు తీసి, నవ్వొచ్చి, రెండు గళ్ళలో రాసింది: స, రే.

'నిలువు: అర్థమైందా అని కసిరితే, అర్థం కాక అనేది.' పాత బడి, ముందు వరస, లెక్కల అయ్యవారి చేతిలో స్కేలు. స, రే.

'అడ్డం: కొట్లాటలో ఓడిపోయినవాళ్ళు అన్నం దగ్గర కూర్చోవడానికి అనేది.' ఈసారి నవ్వు రాలేదు. ఈ పజిలు కూర్చినవాళ్ళెవరో తన నోటి దగ్గర చెవిపెట్టి కూర్చున్నట్టనిపించింది. పెన్సిలు బల్ల మీద పెట్టేసి గల్లాపెట్టె దగ్గరికి వెళ్ళింది.

"అన్నయ్యా, ఓసారి పెన్ను ఇస్తావా?"

"ఎందుకూ?"

"గళ్ళు నింపుతా."

అన్న, బావమరిది ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. బావమరిది నవ్వుతూ స్టూలు మీదనుంచి జారబోయాడు.

"నింపమ్మా నింపు" అన్నాడు అన్న, పెన్ను విసిరేస్తూ. "నీకొచ్చినవే రెండు మాటలు. పోతే పోయాయి, మాకు చెవులు కలిసొస్తాయి."

ఆమె పెన్సిలు గీతల మీదే పెన్నుతో దిద్దింది. తరవాత ఒక్కొక్కటే. 'చస్తే చావు అనడానికి మర్యాదైన మాట.' ఇది వదిన మాట, నేర్చుకున్నది మాత్రం తను. 'ఫోను పెట్టెయ్యమని చెప్పకుండా చెప్పడం.' 'ఇంక నోరు మూసుకో అనలేక అనేది.' 'తనకివ్వాల్సింది తమ్ముడికో అన్నకో ఇచ్చినప్పుడు అనేది.' ఇక్కడ పెన్ను గట్టిగా నొక్కుకుని కాగితం చిరిగింది. 'ఏడుపు గొంతు దాకా వచ్చినప్పుడు, పొట్టి మాట కనుక అనేది.' నింపుతున్నకొద్దీ నాలుక తేలికవుతోంది, మూటలు దించుకున్న భుజంలా.

మూలన ఆఖరి ఆధారం ఒకటుంది. 'నిలువు: ఇష్టమై అనేది.'

జవాబు అదే అని తెలుసు. రెండు అక్షరాలు రాస్తే అయిపోతుంది. కానీ మిగతావన్నీ తను అన్నవి, ఎక్కడ ఎప్పుడు అన్నదో ఆ గది గోడలతో సహా గుర్తున్నవి. ఇది ఎప్పుడన్నది? ఎంత వెతికినా దొరకలేదు. లేనిదాన్ని నింపడం దొంగతనంలా తోచి, ఆ రెండు గళ్ళూ ఖాళీగా వదిలేసి పెన్ను మూత పెట్టింది.

మధ్యాహ్నం పైన, ముందుగదిలో, వదిన ఫోను స్పీకరులో పెట్టి టీపాయ్ మీద ఉంచింది. అందరూ దాని చుట్టూ కూర్చున్నారు.

"అమ్మా, పిల్ల ఒప్పుకుంది. రేపు బండెక్కిస్తాం" అంది వదిన.

"నువ్వు చెబితే నాకెందుకే? ముందు ఆ పిల్లని అననీ" అంది ఫోనులో ముసలమ్మ. తుంటి విరిగినా గొంతుకేం కాలేదు. "ఇదివరకు పెట్టిన మనిషి, తనని బలవంతాన తోలారని వీధి వీధంతా టముకేసి మరీ పోయింది. నాకిప్పుడు ఆ ఓపిక లేదు. ఏమ్మాయ్, వస్తావా?"

చెల్లెలు నోరు తెరిచింది. అలవాటు అలవాటే, నాలుక ఎప్పటి చోటికే వెళ్ళింది. అక్కడేం లేదు. మెట్టుందనుకుని కాలేసినట్టయింది.

"తలూపితే ఆవిడకి కనపడదు, నోటితో అను" అంది వదిన.

"మాట్లాడవేం?" అన్నాడు అన్న.

ఆమె మళ్ళీ ప్రయత్నించింది. నాలుక వెనక ఎక్కడో ఒక్క సరే మిగిలి ఉందని తెలుస్తూనే ఉంది. కదిపి చూసింది. అది ఆ పనికి లేవలేదు.

వదిన ఆమె పక్కకొచ్చి భుజం గిల్లింది. "వేషాలా? పొద్దున బట్టల సంగతడిగితే సరే అన్నావట కదే! సరే రాకపోతే 'అలాగే' అను. 'ఊ' అను. ఏదో ఒకటి ఏడు!"

నిజమే. 'అలాగే' ఉంది. దాన్నెవరూ తీసుకెళ్ళలేదు, శుభ్రంగా నాలుక చివరే ఉంది. 'ఊ' అయితే మరీ దగ్గర, పెదవులు విప్పకపోయినా వచ్చేస్తుంది. చెల్లెలు ఆ రెండిటినీ, కొట్లో గాజు పలక ఎత్తి వెలుతురుకి పట్టి చూసినట్టు చూసింది. చూసి, ఎక్కడివక్కడ పెట్టేసింది.

"రాను" అంది.

ఇన్నేళ్ళుగా వాడకపోయినా ఆ మాట తుప్పు పట్టలేదు.

"సరే" అంది ముసలమ్మ, టక్కున పెట్టేసింది.

ఆ తరవాత జరిగినదాంట్లో వినదగ్గది తక్కువ. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టిందని వదిన, చెప్పు తీసుకు కొట్టాలని అన్న. బావమరిది మాత్రం కిందకెళ్ళి, నలిగిన పేపరు పట్టుకొచ్చాడు. అన్న అది చూశాడు. గళ్ళ నిండా చెల్లెలి గుండ్రటి అక్షరాలు. మొహం ఎర్రబడి, నల్లబడి, చివరికి తెల్లబడింది.

"ఇదా నీ నాటకం! నా పెన్నుతోనే!" అన్నాడు. "రేపు జవాబులు రానీ. నీ చెయ్యి పట్టుకుని టిక్కు పెట్టించి, అన్ని సరేలూ నీ నోట్లో కుక్కకపోతే నన్నడుగు."

మర్నాడు ఆయన పేపరు కుర్రాడి కోసం షట్టరు దగ్గరే నిలబడ్డాడు. జవాబులున్న ఆఖరి పేజీ చింపి, పెన్నుతో సహా కోతబల్ల మీద పెట్టాడు. "పెట్టు టిక్కు."

ఆమె తడిగుడ్డ నొక్కుతోంది. తలెత్తలేదు.

అంతలో ఎదురు వీధి దర్జీ పరుగున వచ్చాడు. ఆయన కొట్లో నిలువుటద్దం పొద్దున్నే పగిలిందట. అదే ఫ్రేములోకి మనిషెత్తు కోలటద్దం కావాలి, ఇప్పుడే కావాలి. చుట్టూ వంపు, ఒక్క మూల కూడా లేనిది.

"కోలటద్దాలు మేం చెయ్యం. పొడవు, వెడల్పు, అంతే" అన్నాడు అన్న.

"ఎందుకు చెయ్యం బావా?" అంటూ బావమరిది లేచాడు. పలక పరిచి, నాలుక బయటపెట్టి, వంపు గీస్తూ సగంలో ఆగి, ఆగినచోటునుంచి మళ్ళీ మొదలుపెట్టాడు. గాజు ఒప్పుకోలేదు. గీత వదిలేసి అడ్డంగా చీలి, ఆయన బొటనవేలిక్కూడా తన అభిప్రాయం చెప్పింది.

"అయ్యో అయ్యో, అద్దం మీద సంతకానికి రక్తమెందుకండీ!" అన్నాడు దర్జీ. వేలు నోట్లో పెట్టుకుని స్టూలు మీద కూలబడ్డ బావమరిదిని దాటి, మూలనున్న చెల్లెలి వైపు తిరిగాడు. "అమ్మా, మీరు కోసిపెడతారా?"

కొట్టుకొచ్చినవాళ్ళు ఆమెనెప్పుడూ అడగలేదు. ఆమె పెద్ద పలక వైపు చూసింది. ఆ వంపు చేతిలో అప్పుడే మొదలైపోయింది.

"సరే" అంది.

తన గొంతు తనకే కొత్తగా వినపడి ఆగిపోయింది. అన్న కూడా ఆగిపోయాడు.

"అదిగో! వచ్చింది! వచ్చిందిగా నోటికి!" అన్నాడు. "నిన్న రాలేదే! ఇప్పుడు ఫోను చేస్తాను, అత్తగారితో అదే అను!"

"చెయ్యి" అందామె. కట్టర్ కిరసనాయిల్లో ముంచింది. "వస్తే అంటాను."

బల్ల చుట్టూ నడుస్తూ, ఆపకుండా, ఒక్కటే గీత. మొదలైన చోటే వచ్చి కలిసింది. కింద వేళ్ళతో తడుతూ పోయింది. చప్పుడు వచ్చింది. దర్జీ ఊపిరి వదిలాడు. అంచులు అరగదీసి, అద్దం మొహం గీసుకోకుండా కప్పడానికి కాగితం కోసం చెయ్యి చాపింది. చేతికందింది అన్న చింపి పెట్టిన ఆఖరి పేజీ. ఒకసారి కూడా చదవకుండా అద్దం మీద పరిచి, అట్ట పెట్టి, దారం బిగించింది. దర్జీ దాన్ని చంటిపిల్లలా ఎత్తుకుని వీధి దాటాడు.

అన్నకి ఫోను తీశాక గానీ పేజీ గుర్తు రాలేదు. "జవాబులేవీ? దాన్నేం చేశావే?" అన్నాడు బల్ల కింద, స్టూలు కింద వెతుకుతూ. "ఇంకో పేపరు కొనుక్కొస్తాను. పది కొనుక్కొస్తాను. ఎక్కడికి పోతావో చూస్తాను."

"కొనుక్కురా అన్నయ్యా. టిక్కు నేను పెట్టాలి కదా."

ఆయన నోరు తెరిచాడు. అనవలసిన మాట ఏదో ఉండాలి. ఎప్పుడు ఏ గళ్ళలో నింపేశాడో, తడుముకుంటూ అక్కడే నిలబడ్డాడు.

చెల్లెలు విరిగిన పలక ముక్కలు ఏరి డబ్బాలో వేసి, తన స్టూలు మీదున్న బావమరిది వైపు చూసింది. ఆయన వేలు నోట్లోంచి తీయకుండానే స్టూలు మీదనుంచి లేచాడు.