కంటపడని బ్యాగు

రెబెకా తన నల్ల బ్యాగును సుభాని బల్ల మీద పెట్టింది.

"ఇందులో ఉన్నవన్నీ పట్టే సంచి కావాలి సుభాని గారూ. కానీ ఇవి ఉన్నాయని చూసినవాళ్లెవరికీ అనిపించకూడదు. రేపు పొద్దున్నే కావాలి."

"దొంగతనానికి వెళ్తున్నారా ఏంటమ్మా?" అన్నాడు సుభాని, కుట్టుమిషను మీద నుంచి తలెత్తకుండానే.

"దొంగతనం వాళ్లు చేస్తున్నారు. నేను ఫోటో తియ్యడానికి వెళ్తున్నాను."

సుభాని మిషను ఆపాడు. మచిలీపట్నం కోనేరు సెంటర్ దగ్గర సందులో అతనిది చిన్న కొట్టు. ఆటో సీట్లకు రెగ్జిన్ కవర్లు కుడతాడు. రెబెకా భర్త హనోకు బతికున్నప్పుడు పెళ్లి ఆల్బమ్‌లకు అట్టలు వేయించుకోవడానికి గుడివాడ నుంచి ఇక్కడికే వచ్చేవాడు. హనోకు పోయి నాలుగేళ్లయింది. గుడివాడలో స్టూడియో ఇప్పుడు రెబెకాయే నడుపుతోంది.

ఆమె అత్తగారి పేట దివిసీమలో, నాగాయలంక అవతల ఉంది. ఆ పేట క్రైస్తవులు తాతల నాటి నుంచి తమ వాళ్లను కాలవ పక్క దిబ్బలో సమాధి చేసుకుంటున్నారు. చుట్టూ పొలాలన్నీ రొయ్యల చెరువులైపోయాయి. ఆ చెరువుల యజమాని ఆదినారాయణ కన్ను ఇప్పుడు దిబ్బ మీద పడింది. రెండు ఆదివారాలుగా పొక్లెయిన్ తవ్వుతోంది. ఆదివారం ఆఫీసులుండవు. మొదటి వరస సమాధులు పోయాయి. హనోకుది ఐదో వరస.

పేటవాళ్లతో కలిసి కలెక్టరాఫీసుకు వెళ్తే, అధికారి కాగితాలు తిరగేసి చూశాడు. "రికార్డుల్లో అది ఖాళీ పోరంబోకు అని ఉందమ్మా. సమాధులున్నట్టు, తవ్వుతున్నట్టు ఫోటోలు తెండి. సోమవారం నా చేతికొస్తే ఆ రోజే ఆపిస్తాను" అన్నాడు. ఈ సోమవారం తప్పితే, పై ఆదివారానికి ఫోటో తియ్యడానికి ఏమీ మిగలదు.

కిందటి ఆదివారం అవనిగడ్డ నుంచి ధనరాజు అనే ఫోటోగ్రాఫర్ వెళ్లాడు. కెమెరా బయటికి తియ్యకముందే, బ్యాగు చూసే పట్టుకున్నారు. కార్డు విరిచేసి, లెన్సు కాలవలో పారేశారు. అప్పటి నుంచి గట్టెక్కే ప్రతివాళ్ల ఫోన్లూ తీసి డబ్బాలో వేస్తున్నారు.

"మామూలు చేతిసంచిలాగా ఉండే కెమెరా బ్యాగులు విజయవాడలో ఉన్నాయండి. ఒకటి కొనాలంటే కెమెరా అమ్మాలి" అంది రెబెకా.

సుభాని నవ్వి, కొక్కేనికున్న క్యారేజీ బ్యాగు దించాడు.

"మధ్యాహ్నం క్యారేజీతో కనిపిస్తే, ఏం కూరని మూత తీసి చూస్తారు."

స్కూలు బ్యాగు చూపించాడు.

"నాకు యాభై ఏళ్లొచ్చాయి. ఏ క్లాసుకెళ్తున్నానని చెప్పను?"

పొద్దున గిలకలదిండి చేపల రేవు దాకా వెళ్లి, చేపల బుట్టలు కూడా చూసొచ్చింది ఆమె. వాటిలోకి ఎవరూ తొంగిచూడరు, నిజమే. కానీ ఆ ఉప్పునీళ్ల తడికి కెమెరా ఒక్కరోజు కూడా బతకదు.

సుభాని లెన్సును చేత్తో పట్టుకుని పొడవు కొలిచాడు. కాసేపు ఆలోచించాడు.

"అడగకూడదేమో గానీ, ఆదివారం మీ ఆడవాళ్లందరి చంకలో ఉండేదేంటమ్మా?"

అతను బల్ల కింద నుంచి మెరూన్ రంగు రెగ్జిన్ బ్యాగు ఒకటి తీశాడు. బైబిలు, పాటల పుస్తకం పట్టే జిప్పు బ్యాగు. పండగలప్పుడు డజన్ల కొద్దీ కుడతాడు. ఇది జిప్పు మార్చమని ఎవరో ఇచ్చి, మళ్లీ రానిది. మూలలు అరిగిపోయి ఉన్నాయి.

"కొత్తది కుట్టివ్వగలను. కొత్తదైతే మీ వాళ్లే ఎక్కడ కొన్నావని చుట్టూ మూగుతారు. దీన్నయితే ఎవరూ చూడరు."

"వాక్యం ఉండాల్సిన చోట కెమెరానా?" అంది ఆమె నెమ్మదిగా.

"అది మీరూ మీ దేవుడూ చూసుకోండి. నాకు తెలిసింది కుట్టు పని."

ఆటో సీటులో మిగిలిన స్పాంజి కోసి లోపల అంటించాడు. మధ్యలో అడ్డుగుడ్డ కుట్టాడు. కెమెరా ఒక పక్క, లెన్సు ఒక పక్క, బ్యాటరీ మూలన. జిప్పు కష్టం మీద పడింది. పైన చిన్న బైబిలైనా పెట్టుకుంటానని ప్రయత్నించింది గానీ, జిప్పు సగంలోనే ఆగిపోయింది. ఏదో ఒకటే పడుతుంది.

"ఎంతివ్వమంటారు?"

"కుట్టుకి రెండొందలివ్వండి. బ్యాగు నాది కాదు, దానికెలా తీసుకుంటాను?"

ఆ రాత్రి మచిలీపట్నంలోనే చెల్లెలింట్లో పడుకుని, ఆదివారం మొదటి బస్సుకు బయల్దేరింది. చల్లపల్లి దాటాక కెమెరాలో శబ్దం రాకుండా మార్చి, మళ్లీ జిప్పు వేసింది. పులిగడ్డ దగ్గర ఒకామె పక్కన కూర్చుని, ఒళ్లో బ్యాగు చూసి, "ఏ సంఘం అమ్మా మీది?" అని అడిగింది. రెబెకా చెప్పింది. ఆమె తల ఊపి కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. సుభాని చెప్పింది నిజమే. అయినా రెబెకా జిప్పు మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

పేటలో తమ ప్రార్థన గుడికి వెళ్లింది. ఆరాధన అయ్యాక, కాలవ గట్టు చివర గుడిసెలో మంచాన పడి ఉన్న, తనకు అత్త వరసయ్యే తాతమ్మను చూసి ప్రార్థన చేసొస్తానని ఒక్కతే బయల్దేరింది. తాతమ్మ గుడిసె వెనక కిటికీ సరిగ్గా దిబ్బ వైపు ఉంటుంది. పొక్లెయిన్ చప్పుడు గుడి దగ్గరికే వినిపిస్తోంది.

గట్టు మొదట్లో ఫిలిప్ నించుని ఉన్నాడు. తాతమ్మ కొడుకు, హనోకుకు వరసకు తమ్ముడు. ఆదినారాయణ దగ్గర కాపలాకు కుదిరాడు. హనోకు పోయినప్పుడు గొయ్యి తవ్వినవాళ్లలో ఇతనూ ఒకడు.

"వదినా, ఫోటోలు తీసేవాళ్లు మళ్లీ వస్తారని ఆయన ముందే చెప్పాడు." అతని కళ్లు ఆమె భుజం మీద, చేతుల్లో వెతికాయి. "నల్ల బ్యాగుతో వస్తే కాలవలో పడెయ్యమన్నాడు. బ్యాగునో మనిషినో చెప్పలేదు."

"ఈత వచ్చులే నాకు. మీ అమ్మని చూసి పోదామని వచ్చా. వెళ్లనిస్తావా, అదీ ఆయన్ని అడగాలా?"

ఫిలిప్ తల దించుకున్నాడు. "ఫోను ఇవ్వు."

ఇచ్చింది. దాన్ని డబ్బాలో వేశాడు. చంకలో ఉన్న మెరూన్ బ్యాగును చూశాడు, చూడనట్టే వదిలేశాడు.

"ఈ ఆదివారం కూడా గుడికి రాలేదేం?" అని అడిగింది, నడుస్తూనే.

"ఏ ముఖం పెట్టుకుని రమ్మంటావు?" అని ఆమె వెనకే నడిచాడు. అతను గట్టు మొదట్లోనే ఆగిపోతాడనుకుంది. ఆగలేదు.

గుడిసెలో తాతమ్మ నులకమంచం మీద పడుకుని ఉంది. చూపు ఎప్పుడో మందగించింది. "ఎవరే?"

"రెబెకాని అత్తా."

"హనోకు పెళ్లానివా! రా, కూర్చో. ఆ మిషను మోతకి నిద్ర లేదే నాకు. మీ మావయ్యని కూడా లేపేశారు తెలుసా? ఈ వెధవ చూస్తూ నించున్నాడు."

ఫిలిప్ గుమ్మం దాటి లోపలికి రాలేదు. మొదటి వరసలో పోయిన సమాధుల్లో అతని తండ్రిదీ ఉంది.

రెబెకా కింద చాప మీద కూర్చుంది. మంచం వెనక కిటికీకి గోనెపట్టా వేలాడుతోంది. దాని అంచు పక్కన జానెడు సందు. ఆ సందులోంచి పొక్లెయిన్ పసుపు రంగు చెయ్యి పైకి లేవడం కనిపించింది. వంద గజాలుంటుంది. ఇతనొక్కడూ బయటికి వెళ్తే చాలు. అదే ఆలోచిస్తూ బ్యాగును కింద, రెండు పాదాల మధ్య పెట్టుకుంది. పెళ్లిళ్లలో అన్నేళ్లుగా ఎక్కడ కూర్చున్నా కెమెరా బ్యాగును అలాగే పెట్టుకుంటుంది.

"వదినా."

ఫిలిప్ గొంతు మారిపోయింది. ఆమె తలెత్తింది. అతను బ్యాగును చూస్తున్నాడు.

"బైబిలు నేల మీద పెట్టావేంటి?"

ఆ పేటలో మూడేళ్ల పిల్ల కూడా బైబిలు నేల మీద పెట్టదు. ఒళ్లో చోటు లేకపోతే తల మీద పెట్టుకుంటారు. రెబెకా చెయ్యి కదిలేలోపే అతను వంగి బ్యాగు తీసేశాడు. బరువు తెలిసింది. వేళ్లతో పైన నొక్కాడు. గుండ్రంగా, గట్టిగా తగిలింది. జిప్పు సగం లాగాడు.

బయట పొక్లెయిన్ ఏదో రాయిని గీరిన చప్పుడు వచ్చింది.

"వాక్యం చదవవేంటే?" అంది తాతమ్మ మంచం మీద నుంచి. "ఏదైనా కీర్తన చదువు."

ఫిలిప్ లెన్సు వంకే చూస్తున్నాడు. రెబెకా అతని ముఖం వంక చూసింది. ఒక్క కేక వేస్తే చాలు, దిబ్బ దగ్గరున్న నలుగురూ పరుగెత్తుకొస్తారు. ధనరాజు కార్డులాగే దీన్నీ విరిచేస్తారు. ఇంకో కెమెరా లేదు, ఇంకో ఆదివారమూ లేదు.

ఫిలిప్ జిప్పు మళ్లీ మూశాడు. బ్యాగును మంచం మీద, తల్లి కాళ్ల దగ్గర పెట్టాడు.

"అమ్మకి చదవక్కర్లేదు వదినా. నోటితోనే ప్రార్థన చెయ్యి. కాస్త పెద్దగా చెయ్యి" అని బయటికి వెళ్లిపోయాడు.

ఎక్కడికి వెళ్లాడు? పెద్దగా ఎందుకు చెయ్యమన్నాడు? ఆమె ఇక్కడే ఉందని వాళ్లకు తెలియడానికా? చెప్పుల చప్పుడు దిబ్బ వైపే వెళ్లింది. రెబెకా ఇక ఆలోచించలేదు. కెమెరా తీసి లెన్సు బిగించింది. మొదటిసారి సరిగ్గా కూర్చోలేదు, తీసి మళ్లీ బిగించింది.

"తండ్రీ, మంచం మీదున్న ఈ తల్లిని చూడు" అని మొదలుపెట్టి, మంచం పక్కన మోకరించి, కళ్లు మూసుకోకుండా లెన్సును గోనెపట్టా సందులో పెట్టింది. "ఈమె నొప్పి తీసెయ్యి. ఈమెకు నిద్ర ఇవ్వు."

"ఇవ్వు ప్రభువా" అంది తాతమ్మ.

సిలువలు కనిపించాయి. కొన్ని నిలబడి, కొన్ని మట్టిలో తలకిందులై ఉన్నాయి. నొక్కింది. పొక్లెయిన్ అడ్డంగా తిరిగి ఉంది, నంబరు కనిపించడం లేదు. తొట్టి మూడో వరస మీదికి లేస్తోంది. "ఈ ఇంటిని కాపాడు, ఈమె కొడుకుని కాపాడు..." గొంతు ఇంకాస్త పెంచింది.

ఫిలిప్ లెన్సులోకి వచ్చాడు. నేరుగా పొక్లెయిన్ దగ్గరికి వెళ్లి డ్రైవరుతో ఏదో అన్నాడు. గుడిసె వైపు చెయ్యి చూపించాడు. అయిపోయింది, చెప్పేశాడు. కార్డు తీసి జాకెట్లో దాచుకుందామా అనుకుంది. చెయ్యి రాలేదు.

డ్రైవరు ఆ పెద్ద మిషనును నెమ్మదిగా పక్కకు తిప్పి, ఇంజన్ ఆపి దిగాడు. ప్రార్థన జరుగుతోందని చెప్పాడో, టీ తాగమన్నాడో తెలియదు గానీ, అక్కడున్నవాళ్లంతా అవతల చెట్టు కిందికి నడిచారు. ఇప్పుడు నంబరు ప్లేటు తిన్నగా గుడిసె వైపే ఉంది.

ఫిలిప్ వాళ్లతో వెళ్లలేదు. ఒకప్పుడు మొదటి వరస ఉన్న చోటికి వచ్చి, మట్టిలో పడి ఉన్న ఒక సిలువను లేపి నిలబెట్టి పట్టుకున్నాడు. తలకు చుట్టుకున్న తువ్వాలు తీసేశాడు. గుడిసె కిటికీ వైపు తిరిగి, రెప్పవెయ్యకుండా నిటారుగా నించున్నాడు. సిలువ మీద అతని తండ్రి పేరుంది.

రెబెకా నొక్కింది. మళ్లీ నొక్కింది. నోట ప్రార్థన ఆగిపోయింది.

"ఆమెన్ అనవేంటే?" అంది తాతమ్మ.

"ఆమెన్ అత్తా."

కెమెరా మళ్లీ లోపల సర్ది, బ్యాగు చంకలో పెట్టుకుని బయటికి వచ్చేసరికి గట్టు మీద మోటారుసైకిలు వస్తోంది. ఫిలిప్ గబగబా వచ్చి ఆమె పక్కన నడిచాడు.

"ముఖం పడిందా?" అని అడిగాడు, ముందుకు చూస్తూనే.

"పడింది. వద్దంటే అది తీసేస్తా. నంబరుంటే చాలు నాకు."

"ఉంచు. ఎవరితనని అడిగితే పేరు కూడా చెప్పు."

మోటారుసైకిలు ఆగింది. ఆదినారాయణ ఒక కాలు కింద పెట్టాడు. "మిషను ఆగిందేంరా? ఎవరీవిడ?"

"మా వదినండి. అమ్మకి బాలేదని ప్రార్థన చెయ్యడానికొచ్చింది."

"చేతిలో ఏంటది?"

"ఆదివారమండి ఇవాళ" అన్నాడు ఫిలిప్.

ఆదినారాయణ ఆ అరిగిపోయిన మూలల బ్యాగును ఒకసారి చూశాడు. ఆమె దాన్ని రెండు చేతులతో గుండెలకు హత్తుకుని నించుంది. "సరే, పంపించెయ్. ముందా మిషను సంగతి చూడు" అని బండి ముందుకు పోనిచ్చాడు.

ఫిలిప్ డబ్బాలోంచి ఫోను తీసిచ్చి, దిబ్బ వైపు వెనక్కి తిరిగాడు. రెబెకా కాళ్లు పరుగెత్తమంటున్నాయి. ప్రార్థన నుంచి వచ్చే ఆడవాళ్లు పరుగెత్తరు. ఆటోలు ఆగే రోడ్డు వచ్చేదాకా ఒక్కో అడుగే వేసుకుంటూ, దారిలో ఎదురైనవాళ్లకు వందనాలు చెప్పుకుంటూ నడిచింది.