వెనక బ్రేకు నట్టు

ఈ కథలో ఒక్క అబద్ధం కూడా లేదు. ఆ సంగతి ముందే చెప్పి ఉంచడం మంచిది. ఎందుకంటే ఇది వంకలరాయుడి కథ. అతని గురించి ఏం చెప్పినా జనం గోరంతను కొండంత చేశారంటారు. ఒకసారి నిండు పున్నమి నాడు అతను డాబా మీద వెల్లకిలా పడుకుని, చందమామను ఎగాదిగా చూసి, "మధ్యలో మచ్చుంది, సగం ధరకిస్తే చూద్దాం" అన్నాడు. ఆ మర్నాటి నుంచే చంద్రుడు తరగడం మొదలుపెట్టాడు. నమ్మనివాళ్ళు ఆకాశాన్నే అడగవచ్చు.

వంకలరాయుడు తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు, వీధి పెట్టింది. పని మోటారు సైకిళ్ళ విడిభాగాలమ్మే దుకాణంలో. ఆ చుట్టుపక్కల ఎవరు పాత బండి కొనాలన్నా అతన్ని వెంటబెట్టుకుని వెళ్ళేవారు. అతను బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, గొంతుక్కూర్చుని, ఇంజను మీద అరచెయ్యి ఆనించి, నాలుకతో "ప్చ్" అనేవాడు. ఆ ప్చ్‌తోనే అమ్మేవాడి గుండె సగం జారిపోయేది. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్నారు పెద్దలు. ఆ అడవికి నీళ్ళు పోసి పెంచిందంతా ఇలాంటివాళ్ళే.

అతని దగ్గర ఎవరికీ చెప్పని విద్య ఇంకొకటి ఉంది. కిందికి వంగి చూసేటప్పుడు వేళ్ళతోనే దేన్నో ఒకదాన్ని వదులు చేసేవాడు. ఒక చోట ప్లగ్గు మూత, ఇంకో చోట ఒక మరమేకు. తర్వాత లేచి, ఆ లోపాన్ని అమ్మేవాడి చేతే పట్టించి చూపించేవాడు. లేని జబ్బు పుట్టించి, రోగి చేతే నాడి చూపించే వైద్యమన్నమాట. "మా తమ్ముడు పక్కనుంటే మోసపోయే పనే లేదు" అని అతని అక్క ఊరంతా చెప్పుకునేది. పాఠకులారా, ఆవిణ్ణి అనడం దేనికి? మోసపోయినవాణ్ణి వెర్రివాడని నవ్వేదీ, మోసం చేసినవాణ్ణి గడుసువాడని మెచ్చుకునేదీ మనమే కదా!

ఆ అక్క మొగుడు, అంటే అతని బావ, సైకిలు మీద తిరిగి దుకాణాలకు సబ్బులు వేసే మనిషి. మోకాళ్ళు అరిగిపోయి సైకిలు తొక్కలేని స్థితికొచ్చాడు. లాండ్రీలో ఇస్త్రీ పని చేసే ఒకావిడ ఇంట్లో బండి అమ్మకానికుందని తెలిసి, ఒక ఉదయం బావా బావమరదులు బయల్దేరారు.

"బామ్మర్దీ, మరీ గీసి గీసి బేరమాడకు. మొగుడు పోయినావిడట పాపం" అన్నాడు బావ.

"జాలుంటే చందా ఇచ్చిరా బావా. బండి కొనేటప్పుడు జాలిని ఇంట్లో పెట్టి తాళం వేసి రావాలి."

"నీకు ఇంట్లో కూడా ఉన్నట్టు కనపడదురా."

ఇరుకు సందులో ఒంటిగది ఇల్లు. గుమ్మంలో ఇనప కుర్చీ వేసుకుని ఒక ముసలావిడ కూర్చుని ఉంది. గోడకు ఆనించిన బండి మీద ఉతికి ఇస్త్రీ చేసిన దుప్పటి మడత నలగకుండా కప్పి ఉంది. లోపలి నుంచి వచ్చిన మనిషి మణికట్టు మీద ఇస్త్రీ పెట్టె కాల్చిన మచ్చ నల్లగా కనిపిస్తోంది. ఆమె దుప్పటి తీసి మడతపెట్టి చంకన పెట్టుకుంది.

"చూడండన్నా. ధర మీకు తోచినట్టు చెప్పండి. నాకు మాత్రం ఒక్కటి చెప్పండి. వెనక బ్రేకు ఎట్లా ఉందో బాగా చూసి చెప్పండి."

వంకలరాయుడు లోలోపల నవ్వుకున్నాడు. కోడి వచ్చి కత్తి ఎక్కడుందో చూపించడం అతను ఇదివరకు ఎరగడు.

ఆమె అలా ఎందుకడిగిందో అతనికి తెలియదు. మీకు తెలియాలి. ఆమె భర్త పోయిన రోజు ఉదయం, "వెనక బ్రేకు పడటం లేదు, షెడ్డులో చూపించుకుని వస్తాను" అన్నాడు. "నాకు డ్యూటీ వేళైపోతోంది, ముందు నన్ను దించు, తర్వాత చూపించుకో" అన్నదామె. ఆమెను దించి వెళ్ళిపోయాడు. గంటన్నర తర్వాత ఒక గోదాము గేటులోంచి వెనక్కి వస్తున్న లారీకి తగిలి, తల రోడ్డుకు కొట్టుకుని పోయాడు. బండికి గీతలే పడ్డాయి. ఈలోగా అతను షెడ్డుకు వెళ్ళాడో లేదో చూసినవారు లేరు. వెళ్ళలేదంటుంది గుమ్మంలో కూర్చున్న ఆ అత్త. వెళ్ళే ఉంటాడంటుంది కోడలు. ఆ ఒంటిగదిలో ఇద్దరికీ మధ్య రాత్రీ పగలూ నిలబడి ఉన్నది ఆ ఒక్క ప్రశ్నే. బండిని ఇన్నాళ్ళూ ముట్టుకోనివ్వని కోడలు ఇవాళ అమ్మకానికి పెట్టిందంటే, తెలిసిన మనిషెవరైనా వచ్చి ఆ జవాబు చెబుతాడన్న ఆశ కూడా అందులో ఉంది.

తెలిసిన మనిషి గొంతుక్కూర్చున్నాడు. గొలుసు తుప్పు పట్టింది. చువ్వలు తుప్పు పట్టాయి. స్టాండు స్ప్రింగు తుప్పు పట్టింది. వెనక బ్రేకు కడ్డీ చివర నట్టు ఒక్కటే కొత్త నాణెంలా మెరుస్తోంది. డ్రమ్ము మూత మీద, దాన్ని విప్పి బిగించిన చేతి గ్రీజు ముద్రలు దుమ్ము కింద ఎండిపోయి ఉన్నాయి. చేత్తో పెడలు నొక్కి చూశాడు. చక్రం కదలనంటే కదలనంది. లోపల చక్రాన్ని పట్టి ఆపే లైనర్లు కొత్తవి. వాటి మీద బండి పట్టుమని ఒక పూటైనా తిరగలేదు. రోజూ వాటినే అమ్మే మనిషికి ఆ సంగతి తెలుసుకోవడానికి క్షణం పట్టలేదు.

కొత్త సామానంటే ధర పెరుగుతుంది. వాళ్ళకు కనపడకుండా వీపు అడ్డం పెట్టి, బొటనవేలితో కడ్డీని నెట్టి, ఆ నట్టును తిప్పి తిప్పి వదులు చేశాడు. తర్వాత నాలుక పని మొదలైంది.

"ప్చ్."

"ఏంటన్నా?"

"బ్రేకు చచ్చి చాలా కాలమైందమ్మా. లైనర్లు లేనే లేవు. దీన్ని ఇట్లాగే తిప్పాడంటే ఆయనకి ప్రాణం మీద తీపి లేదో, బాగు చేయించుకునే తీరిక ఇంట్లోవాళ్ళు ఇవ్వలేదో మరి!" చేతులు దులుపుకున్నాడు. "నా మాటెందుకు? మీ కాలితో మీరే తొక్కి చూడండి."

ఆమె చెప్పులు విడిచి, ఉత్తి పాదం పెడలు మీద పెట్టింది. బురదలో దిగబడినట్టు దిగిపోయింది. తీసి మళ్ళీ తొక్కింది. మళ్ళీ దిగిపోయింది.

గుమ్మంలో కుర్చీ కిర్రుమంది.

"విన్నావా? చెవులు పెట్టుకుని విన్నావా?" ముసలావిడ గొంతులో దుఃఖం కన్నా గెలుపు ఎక్కువ ఉంది. "షెడ్డుకి పోతానన్నాడు నా బిడ్డ. 'ముందు నన్ను దించు' అన్నావు. వాడి ప్రాణం కన్నా నీ ఇస్త్రీ బట్టలు ఎక్కువైనాయి. ఇన్నాళ్ళూ 'చేయించుకునే ఉంటాడు అత్తయ్యా, చేయించుకునే ఉంటాడు' అని నా నోరు నొక్కావు. లారీవాడి తప్పన్నావు. ఏమ్మా, ఇప్పుడు చెప్పు! ఇంక ఈ ఇంట్లో నా ముందు ఎట్లా తింటావో నేనూ చూస్తాను."

కోడలు ఏడవలేదు. చంకలోని దుప్పటి తీసి, పెడలు మీద పడ్డ తన పాదం మురికిని తుడవసాగింది. ఎంతసేపటికీ తుడుస్తూనే ఉంది.

అప్పుడర్థమైంది వంకలరాయుడికి. 'నట్టు కొత్తదమ్మా, మీ ఆయన వెళ్ళాడు' అనే మాట గొంతులోంచి నాలుక చివరిదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే ముసలావిడ చెయ్యి విసిరింది.

"తీసుకుపొండి నాయనా ఆ పాడు బండిని. మీరెంతిస్తే అంతే. నా కళ్ళ ముందు ఉండకూడదు."

వంకలరాయుడు బేరమాడి కూడా రాబట్టలేని ధర అది. నాలుక చివరి మాటను గుటక వేశాడు. బావ ఇచ్చిన డబ్బును కోడలు లెక్క చూసుకోకుండానే అత్త ఒళ్ళో పెట్టింది.

సందు మలుపులో బావ బ్రేకు తొక్కితే బండి ఆగలేదు. ముందు బ్రేకు పట్టి ఎలాగో గోడకు తగలకుండా ఆపాడు. "ఉండు బావా, ఉండు" అంటూ వెనక కూర్చున్నవాడు దిగి, వంగి, నట్టు బిగించాడు. బావ మళ్ళీ తొక్కాడు. పాతేసిన గుంజలా నిలబడింది బండి.

బావ దిగి ఆ నట్టును చూశాడు. బావమరిది వేళ్ళకున్న నల్లటి గ్రీజునూ చూశాడు.

"అంటే ఆయన ఆ రోజు షెడ్డుకి పోయాడు."

"పోయాడు."

"ఆవిడ మొహం చూస్తూ కూడా నోరెట్లా మూసుకున్నావురా?"

"తెరిస్తే ఈ ధరకొచ్చేదా బావా? నీ మోకాళ్ళ కోసమేగా!"

బావ ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. అప్పుడూ పెంచలేదు. "కొనే వస్తువులో ఉన్న తప్పు వెతకడం కొనేవాడి హక్కు బామ్మర్దీ. నువ్వు లేని తప్పు పుట్టించావు. పుట్టిన తప్పు ఊరికే పోదు, ఎవరో ఒకరు దాన్ని మొయ్యాలి. బండికేం, నట్టు బిగిస్తే దిగిపోయింది. ఆ పిల్ల మీద పెట్టిందాన్ని ఎవడు దించుతాడు? వెళ్ళి చెప్పు."

అంత మాటన్న బావ కూడా బండి వెనక్కి తిప్పలేదు. సబ్బులు వెయ్యాల్సిన దుకాణాలున్నాయి.

మర్నాడు వంకలరాయుడు వెళ్ళాడు. గుమ్మంలో నిలబడి, నట్టు తనే వదులు చేశానని, బ్రేకు కొత్తదని, ఆమె తప్పేమీ లేదని చెప్పాడు. ఆమె విని తల అడ్డంగా ఊపింది. "మీరు మంచివారన్నా. నా బాధ చూడలేక చెబుతున్నారు. నా కాలితో నేనే తొక్కి చూశాను కదా!" అంది. లోపలి నుంచి ముసలావిడ, "పాపం, అబద్ధమాడటం కూడా చేతకాదు ఈయనకి" అంది. వంకలరాయుడు ఆ గడప ముందే కూలబడి ఏడ్చాడు.

ఇక్కడితో ఆపేస్తే అందరికీ హాయిగా ఉంటుంది. కానీ మొదట్లో ఒక్క అబద్ధం లేదన్నందుకు లెక్క తేల్చాలి. ఉంది, ఒక్కటుంది. చందమామ సంగతి అనుకుంటున్నారేమో, అది పచ్చి నిజం. మర్నాడు అతను వెళ్ళడం, చెప్పడం, ఏడవడం, ఇవీ కల్పన. లేని తప్పు పుట్టించగలిగినప్పుడు లేని పశ్చాత్తాపం పుట్టించలేమా అని ఈ కథ చెప్పేవాడు సరదాపడ్డాడు, అంతే. అతను వెళ్ళలేదు. దుకాణంలో లైనర్లు అమ్ముకుంటున్నాడు. ఆమె అదే గదిలో, అదే అత్త ముందు, తల వంచుకుని తింటోంది. ఒక మనిషి ఒక్క నిజం చెబితే ఎత్తగలిగే తల అది. ఆ ఇల్లు దూరం కూడా కాదు. బావ బండి అడిగి తీసుకుని వెళ్ళవచ్చు, బ్రేకు చాలా బాగా పడుతుంది.