మా అన్న భుజం మీది రంగు

మా అన్న బసన్న విగ్రహానికి భుజం మీద ఏ రంగు వెయ్యాలో తేలక పొద్దున్నుంచి నా ప్రాణం విసిగిపోయింది. రేపు పొద్దునే ఎమ్మిగనూరులో తెర తియ్యాలి. రంగులు వేసే సామ్సన్ సాయంత్రం బస్సుకు హొళగుంద పోవాలంటున్నాడు. మా అన్నను రోడ్డు పక్కన నిలబెట్టి చూడాలని నాకున్నది ఒకటే కోరిక. ఎనభై దాటినదాన్ని, ఇంకో ముహూర్తం దాకా ఉంటానో లేదో.

అడ్డం పడింది పరాయివాళ్లా? మా ఇంటి మగపిల్లలే. నా మనవడు మహేంద్రది ఒక పార్టీ, అన్న మనవడు మారుతిది ఇంకొకటి.

"మా కండువానే ఎయ్యల్ల," అన్నాడు మహేంద్ర.

"మీ పార్టీ పుట్టేతలికి తాత కాటికి పోయినాడు కదరా!" అన్నాడు మారుతి.

"మీదేమన్నా అప్పటికే పుట్టిందా?"

"రెండూ పుట్టల్యా," అన్నాను. "నోర్మూసుకోని ఇనండి. మాయన్న గెలిచింది గుడిసె గుర్తు మీద, మద్రాసు సభకు. అప్పుడు మనది బళ్లారి జిల్లా. రాష్ట్రం చీలితే ఉన్నూరు కదలకనే ఆంధ్రలో పడితిమి, ఆయప్ప పోయి కర్నూలు సభలో కూసునె. ఆడ బావులు తవ్విస్తామంటే కాడెద్దుల గుర్తోళ్ల పక్కకు పోయినాడు. తవ్వియ్యకపోతే లేచొచ్చి ఒంటిగా కూసునినాడు. ఆయప్పొక్కడేనా? ఆ సభలో పొద్దున ఒక పక్క, మాపటికొక పక్క కూసున్నోళ్లు ఎంతమందో! ఇప్పుడు సెప్పండి, ఏ రంగు?"

మహేంద్ర తల గోక్కున్నాడు. "యాడ ఎక్కువ నాళ్లుండె అవ్వా?"

తల బాదుకున్నాను.

"రంగు ఆరిపోతాంది, తొందరగా తేల్చవ్వా," అన్నాడు సామ్సన్.

"నలుపు తియ్యప్పా. ఏ పక్క కూసున్నా మాయన్న కప్పుకున్నది నల్ల కంబళే."

"నలుపా! నిరసన అనుకుంటారవ్వా," అన్నాడు మారుతి. కాసేపు గొణిగి, "సరే, కంబళే కానీ. అంచు మాత్రం మా రంగు," అన్నాడు.

"అయితే ఇంకో అంచు మాది," అన్నాడు మహేంద్ర.

"మీ అంచుల్లో మన్ను పొయ్య!" అంటూ సామ్సన్ చేతిలోని బ్రష్షు లాక్కుని, నలుపులో ముంచి నేనే పూశాను. బ్రష్షు జారి రంగు అన్న మెడ మీదికి ఎగబాకింది. కొంగుతో తుడవబోయాను.

సామ్సన్ కాస్త వెనక్కి జరిగి చూశాడు.

"ఉండనీ అవ్వా. సలికి మెడ దాకా కప్పుకున్నట్టుంది," అని, రెండో భుజానికి నలుపు అందుకున్నాడు.