కెమెరాకు పెట్టిన బొట్టు

డెబ్భై ఎనిమిదిలో మా ఉయ్యూరు వైపు టీవీని కళ్ళతో చూసినవాళ్ళు లేరు. అది హైదరాబాదులోనే వస్తుందట. అయినా సరే, అందులో తన పొలం కనపడాలని మోతుబరి బసవపున్నయ్య గారికి పిచ్చి పట్టింది. వరినాట్లను ఫిలిం తియ్యడానికి టీవీ వాళ్ళు వచ్చారని తెలిసి, గవర్నర్‌పేట లాడ్జి నుంచి వాళ్ళ వ్యానును నేరుగా మా చేనుకు తీసుకొచ్చాడు. పొలం ఆయనదే గాని, కౌలు మాది. దున్నింది మా ఆయన ఏసుపాదం. మమ్మల్ని ఒక్క మాట అడగలేదు.

ఆ ఏడు మేం పోసిన నారుమడి వానలకు కుళ్ళిపోయింది. మా పుట్టింటివాళ్ళను బతిమాలి మళ్ళీ నారు తెచ్చుకున్నాం. అది కూడా చస్తే ఆ ఏడు మా పిల్లలకు అన్నం లేదు.

వ్యాను ఆగగానే బసవపున్నయ్య గారు కెమెరాకు కొబ్బరికాయ కొట్టాడు. కొత్త ట్రాక్టరుకు చేసినట్టే పసుపు రాసి బొట్టు పెట్టాడు. ఎక్కడ పెట్టాడు? ముందున్న అద్దం మీద, నడిమధ్యన! కెమెరా అతను సామాన్లు దించుకుంటూ చూసుకోలేదు. అతను చూసేది పక్కనున్న వేరే చిన్న అద్దంలోంచట. మేం ఆడవాళ్ళం వంగిన నడుం ఎత్తకుండా, పాడమన్నప్పుడల్లా పాడుతూ చేనంతా నాటాం. కెమెరా సర్దబోతుంటే అప్పుడు కనపడింది అతనికి ఆ ఎర్రబొట్టు.

"ఏమిటండీ ఇది! తీసిందంతా పోయింది!" అని నెత్తి కొట్టుకున్నాడు.

బసవపున్నయ్య గారు తొణకలేదు. "దానికేముందండీ, పీకించి మళ్ళీ నాటిద్దాం. దానమ్మా, రోడ్డు పక్క మళ్ళన్నీ పీకించవే" అన్నాడు నాతో.

నాకు ఒళ్ళు మండిపోయింది. అప్పుడే నాటిన నారు పీకితే ఏమవుతుందో ఆయనకు తెలియదా? తెలుసు. పక్కనే ఆయన సొంతంగా చేయించే చేను ఉంది, ముందురోజే నాటింది. దాన్ని పీకమనలేదు.

"అయ్యా, ఇది పోతే మాకింక నారు లేదండీ. బొట్టు పెట్టింది మీరు, పీకేది మా నారా?"

"ఏం, నోరు లేస్తోందే? వచ్చే ఏడు కౌలు అక్కర్లేదా?"

ఏసుపాదం నారు పీకడానికి మడిలోకి వంగాడు. అది చూసి నాకు మా ఆయన మీద ఇంకా కోపం వచ్చింది. "ఒక్క మొక్క మీద చెయ్యి వేశావంటే ఊరుకోను" అని అరిచాను.

కెమెరా అతను అద్దం శుభ్రంగా తుడిచి, "మొదలుపెడదామా అమ్మా?" అన్నాడు. నేను గట్టు ఎక్కాను. మేం చర్చికి వెళ్ళేవాళ్ళం, మా ఇంట్లో బొట్టు పెట్టుకోం. నా జన్మలో పెట్టిన బొట్టు అదొక్కటే. బొటనవేలి నిండా బురద తీసి, ఆ అద్దం నడిమధ్యన గట్టిగా అద్దాను.

"ఇప్పుడు తియ్యండి" అన్నాను.

అతను కెమెరాను చంకన పెట్టుకుని వ్యానులోకి పరుగెత్తాడు. వ్యాను వెనకే బసవపున్నయ్య గారు "ఆగండి, ఆగండి" అంటూ పంచె ఎగ్గట్టి పరుగెత్తాడు.

మరుసటి ఏడు ఆ పొలం మాకివ్వలేదు. ఆ ఏడు మాత్రం మా వడ్లు మేం తిన్నాం.