పంపే ఖర్చు ఎనిమిది వందల నలభై

ఆరు కంబళ్ల మూట నెత్తిన పెట్టుకుని భీమమ్మ ఆదోని స్టేషను నుంచి బజారు దాకా నడిచి వచ్చేసరికి మెడ కొయ్యబారిపోయింది. తమ ఊరు కోసిగిలో పాసింజరు రెండు గంటలు ఆలస్యంగా వచ్చింది. పొద్దున్నుంచీ కడుపులో ఏమీ పడలేదు. అయినా నడకలో తొందర తగ్గలేదు. ఆదివారం కూలీల మేస్త్రి లారీ ఊళ్లోకి వస్తుంది. సుగ్గి పనికి, గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి, జనాన్ని ఎక్కించుకుపోతుంది. ఈ కంబళ్లకు రెండు వేల ఏడు వందలు చేతికొస్తే ఈ ఏడు తాము ఆ లారీ ఎక్కనవసరం లేదు. ఆమె చెప్పిన ఆ లెక్క నమ్మి భర్త దేవేంద్రప్ప మేస్త్రికి ఇంకా పేర్లు ఇవ్వలేదు.

కొట్లో సావుకారు రాఘవేంద్రప్రసాద్ కంబళ్లు ఒక్కొక్కటే విప్పి, అంచులు చూసి, మడిచి పక్కన పెట్టించాడు. గల్లాపెట్టెలోంచి నాలుగు వందల యాభై తీసి ఇచ్చాడు. భీమమ్మ ఆ నోట్లు కొంగున ముడేసుకుని తక్కిన వాటి కోసం చేయి చాచి నిలబడింది.

"ఇంకేంది?" అన్నాడాయన.

"ఒకదానికి ఇస్తివి. ఇంకా ఐదుండాయి కదప్పా."

"ఆరిటికీ కలిపే ఇచ్చినా. ఇప్పుడు ధర నూటయాభై. నీ సగం డెబ్బై ఐదు. లెక్క సరిపాయ."

భీమమ్మకు వెంటనే అర్థం కాలేదు. నిరుడు దాకా ఈయన కంబళి మూడు వందల యాభైకి కొనేవాడు. ఈ ఉగాదికి ఆయన కూతురు శ్రీవాసవి డిగ్రీ ముగించి కొట్లో కంప్యూటరు పెట్టింది. ఇంటర్నెట్టులో ఫొటోలు పెడితే పూనా, బెంగుళూరు వాళ్లు కొంటారనీ, అమ్మిన ధరలో సగం నేసినవాళ్లదేననీ తండ్రీ కూతుళ్లు చెప్పారు. చెప్పినట్టే తొమ్మిది వందలకు అమ్మి, మొన్న దసరా దాకా నాలుగు వందల యాభై చేతిలో పెట్టారు.

"ఇది చలికాలం గదా. ఇప్పుడు ధర పడిపోవడమేంది?" అంది భీమమ్మ. "ఉన్నికే నూట ఇరవై అయితాంది. వడికేది, గంజి పెట్టేది, నేసేది, ఒకదానికి పది దినాలు పడతాంది."

"పోటీ పెరిగింది. నేనేం చేసేది?" ఆయన గొంతు మెత్తగా ఉంది. "ఆ పార్సిళ్లు నాలుగూ పోస్టాఫీసుకు మోయల్ల. కృపమణి ఒక్కతే మోయలేదు. నువ్వు పట్టుకొనిపో, పది రూపాయలిస్తా."

కృపమణి ఆ కొట్లో పార్సిళ్లు కట్టే పిల్ల. ఇరవై రెండేళ్లు. నెలకు పన్నెండు వందలు. వెనక గదిలో గుడ్డ సంచులకు కుట్లు వేస్తూ ఈ మాటలన్నీ విన్నది గాని తల ఎత్తలేదు. కంప్యూటరు ముందున్న శ్రీవాసవి కూడా ఇటు తిరగలేదు.

నాలుగు పార్సిళ్లలో ఉన్నవి భీమమ్మ పోయినసారి తెచ్చిన కంబళ్లే. పోస్టాఫీసులో గుమాస్తా మొదటిదాన్ని త్రాసు మీద పెట్టి, "పూనా. తొంభై రూపాయలు" అన్నాడు. రెండోదీ తొంభైయే. మూడోదీ, నాలుగోదీ అంతే. కృపమణి డబ్బు కట్టి రసీదులు మడిచి పెట్టుకుంది.

బయట మెట్ల మీద భీమమ్మ ఆమె చేయి పట్టుకుంది. "లోపల చీటీ పెట్టి కుట్టినావు కదా. దాంట్లో ఏం రాసుండాది పాపా?"

"నాకేం ఎరక అక్కా."

"నువ్వే రాసినావు. నీ చేతికి సిరా ఇంకా ఆరలేదు."

కృపమణి వేళ్ల మీది సిరా మరకను పైటకు తుడుచుకుంది. 

"వస్తువు ధర నూటయాభై. పంపే ఖర్చు ఎనిమిది వందల నలభై," అంది చివరికి. "ముందు ధర తొమ్మిది వందలు, ఖర్చు తొంభై అని రాస్తాంటిమి. కొనేవాళ్లు ఇచ్చేది అప్పుడూ ఇప్పుడూ ఒకటే. ధర మీదనే ఆ ఇంటర్నెట్టు కంపెనీ కమీషను పట్టుకుంటాదంట. ఖర్చు మీద పట్టుకోదంట. దానికని శ్రీవాసవక్క మార్చింది. నీ సగం గూడా ధర మీదనే కదా అని మా సారుకు తర్వాత తోచింది."

"కొనేవాళ్లు అడగరా?"

"ఒకామె కంబళి గుచ్చుకుంటాందని వాపసు పంపింది. ఆమెకు నూటయాభైయే తిరిగిచ్చినారు. పంపే ఖర్చు తిరిగిరాదు కదా అక్కా." అంటూనే కృపమణి చుట్టూ చూసింది. "నా పేరు చెప్పొద్దు. ఇంట్లో సంపాదించేది నేనొక్కదాన్నే."

భీమమ్మ సరేనంది. ఇద్దరూ కొట్టు వైపు నడిచారు.

కొట్లోకి రాగానే భీమమ్మ కొంగు ముడి విప్పి నోట్లు బల్ల మీద పెట్టింది.

"పోస్టాఫీసాయప్ప తొంభై అన్నె. నా చెవులతో విన్నా. తక్కిన ఏడు వందల యాభై ఎవరివి సావుకారప్పా?"

రాఘవేంద్రప్రసాద్ కోప్పడలేదు. కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

"తొంభై అని ఆయన చెప్పింటాడు," అన్నాడు. "అది పోను ఏడు వందల యాభై మిగిలుండాదని నీకెవరు చెప్పినారు?"

 చెప్పకూడని అంకె భీమమ్మ తన నోటితోనే చెప్పేసింది. ఆయన అప్పటికే కృపమణి వైపు చూస్తున్నాడు. చూస్తూనే వాకిట్లోకి నడిచి షట్టరును నడుము ఎత్తు దాకా లాగాడు. కొట్లో వెలుగు సగమైంది.

"నాన్నా..." అంది శ్రీవాసవి.

"నువ్వు ఇంట్లోకి పో."

శ్రీవాసవి ఒక్క క్షణం నిలబడి, వెనక తలుపు తీసుకుని వెళ్లిపోయింది.

భీమమ్మ ఆరు కంబళ్లూ గబగబా మూట కట్టింది. "నా సరుకు నేను తీసుకపోతా."

"ఆదోనిలో ఆ మూట ఎవరు కొంటారో నేనూ చూస్తా." గొంతు ఇంకా మెత్తగానే ఉంది. "కృపమణీ, ఆ మూట తీసి లోపల పెట్టు."

కృపమణి గోడకు ఆనుకుని నిలబడింది. చేతిలో రసీదులు నలిగిపోతున్నాయి.

"చెప్పేది నీకే."

"పెట్టను సార్," అంది కృపమణి. మాట బయటికొచ్చాక ఆ పిల్లే బెదిరిపోయినట్టు కనిపించింది.

భీమమ్మ మూటను గుండెకు అదుముకుని, వంగి, షట్టరు కింద నుంచి బజార్లో పడింది. నిటారుగా నిలబడి వెనక్కి తిరిగేలోగా షట్టరు ఇంకొంచెం దిగి మోకాళ్ల ఎత్తున ఆగింది. ఊరికి తిరిగిపోయే పాసింజరు వచ్చే వేళయింది. పక్క కొట్టువాళ్లు చూసి, చూడనట్టు ముఖాలు తిప్పుకున్నారు.

ఆమె మూట దించి రోడ్డు మీద పెట్టి, వంగి చూసింది. సందులోంచి కృపమణి పాదాలు కనిపించాయి.

"పాపా, బయటికి రా," అని పిలిచింది.

ఆ పాదాలు కదలలేదు. వాటి ఎదుటికి తోలు చెప్పులు రెండు నెమ్మదిగా నడిచి వచ్చి ఆగాయి.

"రా పాపా," అంది భీమమ్మ, ఈసారి బజారంతా వినబడేలా.